రోడ్డు ప్రమాదంలో గాయపడ్డారా? పోయిన సంపాదన రాబట్టుకోవడం ఎలా

"ఆసుపత్రి బిల్లులు ఎలాగో వచ్చేలా ఉన్నాయి. కానీ నాలుగు నెలలు పనికి పోలేదు, ఆ డబ్బుల సంగతేంటి?" కారు గుద్ది కాలో చెయ్యో విరిగిన వాళ్ల ఇళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అసలు అడగొచ్చా అన్న మొహమాటం ఆ గొంతులో వినిపిస్తూనే ఉంటుంది. అడగొచ్చు. మోటారు వాహనాల చట్టం, 1988 కింద అది మీ హక్కు. తప్పు అవతలి వాహనానిదైతే, పోయిన నెలల సంపాదనతో పాటు ఇకముందు మీ సంపాదన శక్తి తగ్గినందుకు కూడా పరిహారం అడగవచ్చు. ఆ వాహనానికి ఇన్సూరెన్స్ ఉంటే మామూలుగా ఆ కంపెనీయే కడుతుంది.

చాలామందికి తక్కువ రావడానికి కారణం చట్టంలో లోపం కాదు. తమ సంపాదన ఎంతో, గాయం వల్ల ఏ పని ఆగిపోయిందో చూపించే కాగితం లేకపోవడమే. మా ఇంట్లోనే అది చూశాను. అందుకే ఈ రెండు విషయాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు నకళ్లు
- వూండ్ సర్టిఫికెట్ (ఏ గాయాలు తగిలాయో ఆసుపత్రి రాసిచ్చే కాగితం), డిశ్చార్జ్ సమ్మరీ, ఓపీ చీటీలన్నీ, ఎక్స్‌రే ఫిల్ములు
- ఎన్నాళ్లు పని చేయకూడదో తేదీలతో డాక్టరు రాసిచ్చిన కాగితం
- ప్రమాదానికి ముందు ఆదాయం చూపించే ఆధారాలు
- వయసు రుజువు (పరిహారం లెక్క వయసు మీదే ఆధారపడుతుంది)
- అవతలి వాహనం నంబరు, ఇన్సూరెన్స్ పాలసీ వివరాలు
- బండి మీరే నడుపుతుంటే మీ డ్రైవింగ్ లైసెన్సు
- మీ పేరు మీద బ్యాంకు ఖాతా

వాహనం నంబరు తెలిస్తే ఎం-పరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. ఈరోజే చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1. ముందు మీది ఏ దారో తేల్చుకోండి

ఈ గైడు సెక్షన్ 166 కింద మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో వేసే కేసు గురించి. అంటే అవతలి డ్రైవరు నిర్లక్ష్యం ఉందని మీరు చూపించాలి. మీ పరిస్థితి కింద చెప్పిన వాటిలో ఒకటైతే దారి మారుతుంది.

మీ బండి మీరే అదుపు తప్పి పడితే 166 కింద క్లెయిమ్ నిలబడదు. మీ పాలసీలో యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, పాలసీలో చెప్పిన శాశ్వత వైకల్యానికి మాత్రమే. మంచం మీద గడిపిన నెలల జీతం అందులో రాదు.

గుద్దిన వాహనం పారిపోయి, ఎంత వెతికినా దొరకకపోతే సెక్షన్ 161 కింద తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. మీ ఆదాయం ఎంతన్నది ఎవరూ అడగరు. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇంట్లోవాళ్లను పంపించి చుట్టుపక్కల షాపుల సీసీ కెమెరా ఫుటేజీ అడిగించండి. కొత్త రికార్డింగు పడేకొద్దీ పాతది చెరిగిపోతుంది.

ఎవరిది తప్పో నిరూపించడం కష్టంగా ఉంటే సెక్షన్ 164 ఉంది. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, తప్పు నిరూపించనక్కర్లేదు. జాగ్రత్త: ఆ డబ్బు ఒప్పుకుంటే 166 కింద మీ పిటిషన్ రద్దయిపోతుంది. పూర్తిగా మానిపోయే గాయానికి అది నయమే కావచ్చు. పని చేసే చెయ్యి దెబ్బతిన్నవాళ్లు మాత్రం కింద 6వ మెట్టులో లెక్క చూసుకోకుండా సంతకం పెట్టొద్దు.

డ్యూటీలో ఉండగా ప్రమాదం జరిగితే ఉద్యోగుల పరిహార చట్టం కింద కూడా అడగొచ్చు. కానీ రెండుచోట్లా తీసుకోవడానికి లేదు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు ఏ కాగితం వేసే ముందైనా లాయరుతో మాట్లాడండి.

2. పోలీసు కాగితాల వెంట పడండి

2022 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. మధ్యలో మీ వివరాలు నింపమని ఒక ఫారం ఇస్తారు. అందులో వృత్తి, నెల ఆదాయం గడులు ఉంటాయి. వాటిని ఖాళీగా వదలొద్దు, నోటికొచ్చిన అంకె కూడా వేయొద్దు. ఇక్కడ 15,000 అని రాసి తర్వాత పిటిషన్‌లో 30,000 అంటే, ఆ తేడా మీద మిమ్మల్ని గంటసేపు నిలదీస్తారు.

ఆసుపత్రిలో మొదటి రోజు చెప్పిన మాట కూడా అంతే. కంగారులో ఇంట్లోవాళ్లు "బండి మీద నుంచి పడ్డాడు" అంటే డాక్టరు అదే రాస్తాడు. గుద్దిన కారు ఆ కాగితంలో లేకుండా పోతుంది. కారు గుద్దిందని స్పష్టంగా చెప్పి రాయించండి.

3. ఎన్ని రోజులు పని పోయిందో డాక్టరు చేత రాయించండి

"రెస్ట్ తీసుకోండి" అని నోటితో చెబితే సరిపోదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనికి పనికిరాడు అని ఉండాలి. ప్రతి రివ్యూలోనూ పొడిగింపు రాయించండి. మధ్యలో ఒక నెల ఖాళీ పడితే, ఆ నెల పనికి పోయారనే వాదిస్తారు.

ఫిజియోథెరపీ చీటీలు పారేయొద్దు. కట్టు విప్పాక కూడా చెయ్యి లొంగలేదని చూపించేవి అవే. చెప్పిన ఫిజియో మానేస్తే, గాయం మానకపోవడం మీ తప్పేనంటారు.

4. ఆదాయం రుజువు చేయండి

అన్నిటికన్నా ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే.

మా అన్నయ్య ఏసీ మెకానిక్. స్కూటర్ మీద వెళ్తుంటే కారు గుద్ది కుడి మణికట్టు విరిగింది. ట్రిబ్యునల్‌లో మేము ముందు నమ్ముకున్నది ఒక షాపు యజమాని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం: "ఇతనికి నెలకు 30,000 ఇస్తున్నాను." ఇన్సూరెన్స్ లాయరు ఆయన్ని అడిగినవి రెండే ప్రశ్నలు. జీతాల రిజిస్టర్ ఏది? ఇది రాసిచ్చిన తేదీ ఏది? రిజిస్టర్ లేదు. తేదీ ప్రమాదం జరిగిన తొమ్మిది నెలలకు ఉంది. ఆ కాగితం అక్కడితో పోయింది.

చివరికి ఆదుకున్నది అన్నయ్య జేబులో పెట్టుకునే చిన్న నోటుబుక్. అట్ట మీద గ్రీజు మరకలు. లోపల వంకర రాతలో తేదీ, ఇంటి పేరు, "గ్యాస్ నింపుడు", "కెపాసిటర్", ఎంత తీసుకున్నాడో, కొన్నిచోట్ల కస్టమరు ఫోన్ నంబరు. ఆ అంకెలు చాలావరకు ఫోన్‌పే లెక్కలతో కలిశాయి. ప్రమాదం రోజు పొద్దున రెండు ఇళ్లు రాసి ఉన్నాయి. ఆ తర్వాత పేజీలు ఖాళీ. జడ్జిగారు ఆ ఖాళీ పేజీలు ఒక్కొక్కటి తిప్పి చూడటం నాకిప్పటికీ గుర్తుంది.

అందుకని మీది ఏ పనైనా, ప్రమాదానికి ముందు పుట్టిన కాగితాన్ని వెతకండి.

*ఉద్యోగులు:* పే స్లిప్పులు, ఫారం 16, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు రిజిస్టర్ నకలు. చేతికొచ్చే జీతం రాయొద్దు. పీఎఫ్, ఎల్ఐసీ, అప్పు కంతుల కోసం కోసుకున్నది కూడా మీ సంపాదనే. తీసేయాల్సింది ఆదాయపు పన్ను, వృత్తి పన్ను లాంటివి మాత్రమే. "లీవ్ పెట్టాను, జీతం వచ్చింది కదా" అని వదిలేయకండి. దాచుకున్న లీవులు ఖర్చయిపోయాయి. లీవ్ ఖాతా నకలు తెచ్చి ఆ రోజుల విలువ కూడా అడగండి. ఓవర్‌టైమ్, ఇన్సెంటివ్ రెగ్యులర్‌గా వచ్చేవైతే ఏడాది స్లిప్పులు పెట్టి సగటు చూపించండి.

*సొంత పని, వ్యాపారం:* ప్రమాదానికి ముందు వేసిన రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అన్నిటికన్నా గట్టివి. ప్రమాదం తర్వాత హడావిడిగా వేసిన రిటర్నును అనుమానంగానే చూస్తారు. జీఎస్టీ రిటర్నులు, యూపీఐ వసూళ్లు, బిల్లు పుస్తకాలు పెట్టండి. గల్లాపెట్టెలో పడ్డదంతా ఆదాయం అని రాయొద్దు, ఖర్చులు పోగా మిగిలిందే ఆదాయం. మీ బదులు మనిషిని పెట్టి షాపు నడిపించారా? అతనికిచ్చిన జీతం మీ నష్టమే. చేతికి నగదు కాకుండా బ్యాంకు ద్వారా ఇవ్వండి.

*రోజుకూలీలు, మేస్త్రీలు, హమాలీలు, ఇంటిపని చేసేవాళ్లు:* లేబర్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం, డ్వాక్రా గ్రూపులో నెలనెలా కట్టిన కంతులు, ఏది ఉంటే అది. ఏ కాగితమూ లేకపోయినా క్లెయిమ్ పోదు. కూలీ మనిషిని ఆదాయానికి కాగితం చూపించమనడం కుదరదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ప్రమాదం జరిగిన రోజుకు అమల్లో ఉన్న కనీస వేతనాల నోటిఫికేషన్ నకలు పెట్టమని లాయరుకు చెప్పండి. అంతకన్నా తక్కువ ఒప్పుకోవద్దు.

*గృహిణులు:* "మా ఆవిడకు సంపాదన లేదండీ" అని పిటిషన్‌లో రాయించకండి. ఇంటి పనికి ఆర్థిక విలువ ఉందని, దానికి ఆదాయం లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2021లో గట్టిగా చెప్పింది. వంట, పిల్లలు, పెద్దవాళ్ల సేవ, పశువులు, పొలం పని అన్నీ విడివిడిగా రాయించండి. ఆమె మంచాన పడ్డప్పుడు వంటమనిషిని పెడితే ఆ రసీదు కూడా జతచేయండి.

ఇంకో మాట. మిమ్మల్ని చూసుకోవడానికి భార్యో కొడుకో పని మానుకుంటే, దాన్ని సహాయకుల ఖర్చు కింద వేరే పద్దులో అడగాలి. మీ ఆదాయ నష్టంలో కలిపేస్తే రెండూ చెడతాయి.

5. గాయం మీ పనిని ఎంత దెబ్బతీసిందో చూపించండి

డాక్టరు ఇచ్చే వైకల్య శాతం వేరు, మీ సంపాదన శక్తి తగ్గిన శాతం వేరు. సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో దీన్ని విడమరచి చెప్పింది. ఎడమ చెయ్యి తీసేసినప్పుడు వైకల్యం 60 శాతం దాకా అనుకుంటే, ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూరు శాతం. అదే ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు.

కాబట్టి సర్టిఫికెట్ వచ్చాక ముందు ఒకటి చూడండి: ఆ శాతం ఆ కాలికో చేతికో చెప్పారా, శరీరం మొత్తానికా? కాలికి 40 శాతం అంటే మొత్తం శరీరానికి 40 కాదు. అది రాసి లేకపోతే వెనక్కి వెళ్లి రాయించుకోండి. సదరం సర్టిఫికెట్ ఉంటే పెట్టండి. కానీ పింఛను కోసం ఇచ్చే ఆ కాగితం మీరు గోడ కట్టగలరో లేదో చెప్పదు. వైద్యం చేసిన డాక్టరు గానీ, మెడికల్ బోర్డు డాక్టరు గానీ ట్రిబ్యునల్‌కు వచ్చి చెప్పాలి.

చికిత్స నడుస్తుండగానే సర్టిఫికెట్ కోసం తొందరపడొద్దు. గాయం ఇక ఇంతకన్నా మెరుగవ్వదు అన్న దశలో తీసుకుంటేనే నిలుస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మీ పని రోజును ఒక కాగితం మీద రాసుకోండి. "తాపీ పని చేస్తాను" అంటే చాలదు. "పరంజా ఎక్కాలి, సిమెంటు తట్ట భుజానికెత్తుకోవాలి, గొంతుకూర్చుని గచ్చు నున్న చేయాలి, ఇప్పుడు మోకాలు పూర్తిగా మడవలేను" అని చెప్పండి. మా అన్నయ్యది చూస్తే మణికట్టే కదా అనిపిస్తుంది. కానీ ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో స్పానర్ బిగించడం అతని పనిలో సగం. ఆ మాట డాక్టరు సాక్ష్యంలోకి వచ్చాకే శాతం పెరిగింది.

6. లెక్క మీరే వేసుకోండి

లాయరు వేస్తాడులే అనుకోకండి. లెక్క తెలిస్తేనే సెటిల్‌మెంట్ మాట వచ్చినప్పుడు ఎక్కువో తక్కువో తెలుస్తుంది.

చికిత్స కాలానికి లెక్క సులువు: నెల ఆదాయం × పని పోయిన నెలలు. నెలకు 18,000 వచ్చే మనిషికి ఐదు నెలలు పోతే 90,000.

శాశ్వత వైకల్యం ఉంటే ఇంకో లెక్క, దీనికి మూడు అంకెలు కావాలి. మొదటిది మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకె. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి ఇచ్చింది:

- 15 నుంచి 25: 18
- 26–30: 17
- 31–35: 16
- 36–40: 15
- 41–45: 14
- 46–50: 13
- 51–55: 11
- 56–60: 9
- 61–65: 7
- ఆ పైన: 5

రెండోది భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం. 2017లో ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం సొంత పని చేసేవాళ్లకు, పెరుగుదల లేని జీతం మీద ఉన్నవాళ్లకు 40 ఏళ్ల లోపు 40 శాతం, 40–50 మధ్య 25 శాతం, 50–60 మధ్య 10 శాతం కలపాలి. పర్మినెంట్ ఉద్యోగులకైతే అవే వయసులకు 50, 30, 15. అది మరణం కేసు కాబట్టి గాయాలకు వర్తించదని కొన్నిసార్లు వాదిస్తారు. శాశ్వత వైకల్యం కేసుల్లోనూ కలపాలని సుప్రీంకోర్టు 2020లో మళ్లీ చెప్పింది.

మూడోది సంపాదన శక్తి తగ్గిన శాతం.

34 ఏళ్ల మేస్త్రీ, నెలకు 18,000, సంపాదన నష్టం 30 శాతం అనుకుందాం. 18,000కు 40 శాతం కలిపితే 25,200. ఏడాదికి 3,02,400. 16తో గుణిస్తే 48,38,400. అందులో 30 శాతం 14,51,520. చికిత్స కాలం 90,000, వైద్యం ఖర్చు, బాధకు ఇచ్చేది, ఇవన్నీ దీనికి అదనం.

తరచూ జరిగే తప్పు: మరణం కేసుల్లో మనిషి సొంత ఖర్చుల కింద మూడో వంతో నాలుగో వంతో తీసేస్తారు. గాయం కేసులో అలా తీయకూడదు. మనిషి బతికే ఉన్నాడు, తినాలి. ఎవరైనా ఆ కోత వేస్తే అక్కడే అడగండి.

7. ఆరు నెలల్లో పిటిషన్ వేయండి

2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్న నిబంధన అమల్లో ఉంది. ఇంకా కట్టు విప్పలేదు, సర్టిఫికెట్ రాలేదు అని ఆగొద్దు. ముందు వేసేయండి, సర్టిఫికెట్ సాక్ష్యం సమయానికి పెట్టొచ్చు. పోలీసులు పంపిన నివేదికనే దరఖాస్తుగా తీసుకునే వీలు చట్టంలో ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మీ ఆదాయం సంగతి అందులో మీరు అనుకున్నట్టు ఉండదు.

ప్రమాదం జరిగిన చోటే వేయాలనేం లేదు. మీరు ఉంటున్న ఊరు ఏ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తే అక్కడ వేయొచ్చు. విరిగిన కాలితో పక్క జిల్లాకు వాయిదాలకు తిరగనక్కర్లేదు.

లాయరు ఫీజు దగ్గర జాగ్రత్త. వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగేవాళ్లకు సంతకం పెట్టొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్న వాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

8. సాక్ష్యం రోజున

మీ పిటిషన్, పోలీసు ఫారం, అఫిడవిట్ మూడూ ముందు రోజు రాత్రి పక్కపక్కన పెట్టి చదవండి. ఆదాయం, వయసు, వృత్తి, పని మానిన తేదీలు మూడింట్లో ఒకటేనా? తేడా ఉంటే దాచకుండా లాయరుకు చెప్పండి.

జీతం సర్టిఫికెట్ పెట్టినవాళ్లు, అది ఇచ్చిన మనిషి రిజిస్టరుతో సహా వస్తాడో లేదో ముందే ఖాయం చేసుకోవాలి. రాకపోతే ఆ కాగితానికి బలం ఉండదు. మళ్లీ చిన్న పని మొదలుపెట్టి ఉంటే ఆ నిజం చెప్పేయండి. ముందు 18,000 వచ్చేది, ఇప్పుడు వాచ్‌మన్‌గా 9,000 వస్తోంది అంటే నష్టం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పనే చేయట్లేదని చెప్పి, తర్వాత ఫొటోతో దొరికిపోతే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

9. సెటిల్‌మెంట్ మాట వస్తే

ఇన్సూరెన్స్ ఆఫీసర్ ముందే ఒక మొత్తం చెప్పొచ్చు. లోక్ అదాలత్‌లోనూ రావొచ్చు. తొందరగా తేలుతుంది, అప్పుల్లో ఉన్నవాళ్లకు అది చిన్న సంగతి కాదు. కానీ లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు లేదు. రెండో ఆపరేషన్ ఉంటుందా, ప్లేటు తీయాలా అన్నది డాక్టరు తేల్చేదాకా "పూర్తి, చివరి పరిష్కారం" అన్న కాగితం మీద సంతకం చేయకండి. వాళ్లు చెప్పిన అంకెను మీ 6వ మెట్టు లెక్క పక్కన పెట్టి చూడండి. ఎంత తగ్గుతున్నారో తెలిసి తగ్గండి.

10. తీర్పు చేతికొచ్చాక సరిచూసుకోండి

మొత్తం ఒక్కటే చూసి ఫైలు మూసేయొద్దు. చికిత్స కాలపు ఆదాయం వేరుగా ఇచ్చారా? ఎంత నెల ఆదాయం పట్టుకున్నారు? మీ వయసుకు తగ్గ మల్టిప్లయరేనా? భవిష్యత్ పెరుగుదల కలిపారా? సొంత ఖర్చుల కోత వేశారా? దరఖాస్తు తేదీ నుంచి వడ్డీ ఉందా? మీ తప్పు కూడా ఉందని కొంత శాతం తగ్గించారా, దేని ఆధారంగా?

వీటిలో ఏది తేడాగా ఉన్నా 90 రోజుల్లో హైకోర్టులో అప్పీలు వేయొచ్చు. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపైతే అప్పీలు ఉండదు. మా అన్నయ్య తీర్పులో భవిష్యత్ పెరుగుదల కలపలేదు. ఆ సంగతి మేము గమనించింది ఎనభయ్యో రోజున, పక్కింటి మాస్టారు పెన్సిల్‌తో లెక్క వేసి చూపిస్తే. మీరు మొదటి వారంలోనే పెన్సిల్ తీయండి.